పాడించిన గాయకుడు

1980లో ఫోక్‌వేస్ కంపెనీ పీట్ సీగర్ కచేరీ ఒకదాన్ని రెండు ఎల్పీ రికార్డులుగా విడుదల చేసింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని శాండర్స్ థియేటర్‌లో జరిగిన కచేరీ అది. చదువు పూర్తి చేయకుండా 1938లో ఆయన విడిచి వచ్చేసిన విశ్వవిద్యాలయం కూడా అదే. 1980 నాటికి ఆయనకు అరవై ఏళ్లు నిండాయి. గొంతులో కుర్రతనపు జోరు తగ్గింది. ఆ రికార్డుకు పెట్టిన పేరులోనే ‘సింగలాంగ్ డెమాన్‌స్ట్రేషన్’ అని ఉంది. పాటలు వినిపించి ఊరుకోవడం దాని ఉద్దేశం కాదు, సభ చేత ఎలా పాడించాలో చేసి చూపించడం. జానపద గాయకుడిగా సీగర్ పేరు చెప్పగానే బాంజో, యుద్ధ వ్యతిరేక ఉద్యమం, హడ్సన్ నదిని కాపాడే ప్రచారం గుర్తొస్తాయి. నిజానికి ఆయన అసలు విద్య పాడించడం. ఆ విద్య పదునెక్కింది కూడా రేడియో, టెలివిజన్ ఆయన ముఖాన తలుపులు మూసేసిన కాలంలోనే. అందుకే ఆయన డెబ్బై ఏళ్ల వృత్తికి నమ్మదగిన సాక్ష్యం స్టూడియో రికార్డుల్లో కంటే కచేరీ రికార్డుల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

మూసుకోకముందు ఆ తలుపులు బాగానే తెరుచుకున్నాయి. సీగర్ 1919లో న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి చార్లెస్ సంగీత శాస్త్రవేత్త, తల్లి వయొలిన్ విద్వాంసురాలు. 1936లో తండ్రి వెంట నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో జానపద ఉత్సవానికి వెళ్లినప్పుడు అయిదు తీగల బాంజో ఆయన మనసుకు పట్టింది. నలభైల్లో ఉడీ గథ్రీ తదితరులతో కలిసి ఆల్మనాక్ సింగర్స్ బృందంలో కార్మిక సంఘాల సభల్లో పాడారు. 1948లో మరో ముగ్గురితో కలిసి వీవర్స్ బృందం పెట్టారు. లెడ్ బెల్లీ పాడుతూ వచ్చిన ‘గుడ్‌నైట్ ఐరీన్’ను వీళ్లు డెక్కా కంపెనీకి రికార్డు చేస్తే 1950లో అది 13 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ రికార్డు ఇప్పుడు వింటే గార్డన్ జెంకిన్స్ వాద్యబృందపు వయొలిన్లు, తీర్చిదిద్దిన కోరస్ వినిపిస్తాయి. వినేవాడికి అందులో చోటు లేదు. విని ఆనందించడం, మళ్లీ కొనుక్కోవడం, అంతే అతని వంతు. ఆ దారిలోనే సాగిపోయి ఉంటే సీగర్ యాభైల నాటి ఒక విజయవంతమైన పాప్ బృందంలో సభ్యుడిగా మిగిలేవారేమో.

సాగనివ్వలేదు. కమ్యూనిస్టులన్న ముద్ర పడడంతో వీవర్స్‌కు కచేరీలు, రేడియో అవకాశాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. కొన్నాళ్లకు బృందం చెదిరిపోయింది. 1955 ఆగస్టులో ప్రతినిధుల సభకు చెందిన అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం సీగర్‌ను పిలిపించింది. అప్పటికి చాలామంది రాజ్యాంగ అయిదో సవరణ చాటున, తమపై తాము సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదన్న రక్షణతో బయటపడుతున్నారు. సీగర్ ఆ దారి తొక్కలేదు. తన నమ్మకాల గురించి, ఎక్కడ ఎవరి ముందు పాడానన్న దాని గురించి అడిగే హక్కే మీకు లేదన్నారు. కావాలంటే పాట పాడి వినిపిస్తానన్నారు. వాళ్లు వద్దన్నారు. 1957లో కాంగ్రెస్ ధిక్కారం కింద అభియోగం మోపారు, 1961లో ఏడాది జైలుశిక్ష పడింది, 1962 మేలో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఇన్నేళ్లూ ఆయనకు తిండి పెట్టినవి కాలేజీలు, బడులు, పిల్లల వేసవి శిబిరాలు, చర్చి హాళ్లు. భార్య తోషీ తేదీలు కుదిర్చేవారు, లెక్కలు చూసేవారు. ఆయన బాంజో భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవారు. వెనక వాద్యబృందం లేదు, ముందు ప్రకటనల హడావిడి లేదు. ఒంటి మనిషి. హాలు నిండుగా మోగాలంటే ఉన్న వనరు ఒక్కటే, ఎదురుగా కూర్చున్న జనం.

ఆ జనాన్ని ఆయన పలికించే తీరు గమనించదగ్గది. పాట మధ్యలో ఒక చరణం ముగిసి తర్వాతిది మొదలయ్యే ఆ అరక్షణం ఖాళీలో, రాబోయే పంక్తిని గబగబా మాటల్లో అందించేస్తారు. బాంజో ఆగదు, తాళం తప్పదు. జనం ఆ మాటలందుకుని రాగంలో పెడతారు. పాటల పుస్తకాలు కరువైన పాత అమెరికన్ చర్చిల్లో పెద్ద ఒకరు పంక్తి చెబితే తక్కినవారు పాడే పద్ధతి ఉండేది. దాన్నే సీగర్ తాళం ఆగకుండా కుదించారు. ఇక రెండో పని, గొంతులను విడదీయడం. కింది స్థాయి వాళ్లకొక వరస నేర్పి, దాన్ని నిలబెట్టమని చెప్పి, పై స్థాయి వాళ్లకు ఇంకొకటి నేర్పి, ఆ రెంటి మీద తాను మూడోది ఎత్తుకుంటారు. సభ బాగా అందుకుందని తోచగానే తన గొంతు తగ్గించేస్తారు. రికార్డులో ఆ చోట గాయకుడు దాదాపు మాయమవుతాడు, హాలు మాత్రం వినిపిస్తుంది. మన బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలు నిలబడతారు, జనం ఎదురుగా కూర్చుని వింటారు. సీగర్ ఆ వంతల పనిని జనానికే అప్పగించారనుకుంటే పద్ధతి అర్థమవుతుంది. బాంజోను కూడా ఆయన తన అవసరానికి మార్చుకున్నారు. స్థాయి దించి పాడేందుకు వీలుగా మెడను మూడు మెట్ల మేర పొడిగించుకున్నారు. తర్వాత ఆ పొడవు మెడ బాంజో ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది.

ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. నలభైల్లో కార్మిక సభల్లో కూడా ఆయన జనం చేత పాడించేవారు కదా, మరి ఆ ఘనత వెలివేతకు ఎలా దక్కుతుంది? ప్రశ్న న్యాయమైనదే. విద్యకు బీజం అక్కడే పడింది, కాదనను. అయితే సమ్మెలో ఉన్న కార్మికులు అప్పటికే ఒక్కటై ఉన్న సమూహం. వాళ్లకు పాట రాకపోయినా పాడాలన్న పట్టుదల ఉంటుంది. డబ్బిచ్చి టికెట్టు కొని, చేతులు కట్టుకుని, వినడానికని కూర్చున్న అపరిచితులను గంటన్నరలో ఒక బృందం చేయడం వేరే పని. ఆ పని రాటుదేలింది యాభైల్లోనే. 1955 క్రిస్మస్ ముందురోజు వీవర్స్ మళ్లీ కలిసి కార్నెగీ హాల్లో పాడారు. విచారణ జరిగి నాలుగు నెలలే అయింది. ఆ కచేరీని వాన్‌గార్డ్ కంపెనీ 1957లో రికార్డుగా తెచ్చింది. 1950 నాటి డెక్కా రికార్డు, ఇది పక్కపక్కన పెట్టి వింటే అదే బృందమా అనిపిస్తుంది. వయొలిన్లు పోయాయి. వాటి చోట మనుషులున్నారు.

ఈ విద్య పరాకాష్ఠ 1963 జూన్ 8న అదే కార్నెగీ హాల్లో సీగర్ ఒక్కరే చేసిన కచేరీ. కొలంబియా కంపెనీ దాన్ని ‘వి షల్ ఓవర్‌కమ్’ పేరుతో అదే ఏడాది ఒక ఎల్పీగా తెచ్చింది. పూర్తి కచేరీ రెండు సీడీలుగా రావడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక్క నెల ముందే బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి పిల్లల ఊరేగింపులపై పోలీసులు కుక్కలను వదిలారు, నీటిగొట్టాలు తిప్పారు. కచేరీ అయిన నాలుగు రోజులకే మిసిసిపీలో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్య జరిగింది. ఆ మధ్యలో నిలబడి సీగర్ దక్షిణాది పౌరహక్కుల ఉద్యమంలో పుట్టిన పాటలను న్యూయార్క్ ప్రేక్షకులకు ఒక్కొక్కటే నేర్పారు. మాల్వినా రేనాల్డ్స్ ‘లిటిల్ బాక్సెస్’, అప్పటికింకా కుర్రవాడైన బాబ్ డిలన్ పాటలు, హొసే మార్తి కవితతో ‘గ్వాంతనమేర’ కూడా ఆ రాత్రే పాడారు. పాటకూ పాటకూ మధ్య ఆయన చెప్పే మాటల్లో ఉపన్యాసం తక్కువ, పరిచయం ఎక్కువ. ఈ పాట ఎవరిది, ఎక్కడిది, మీరెక్కడ అందుకోవాలి.

అసలు గట్టి ఆక్షేపణ దీని మీదే ఉంది. కార్నెగీ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చదువుకున్న, ఉన్నంతలో సుఖంగా ఉన్న తెల్లవాళ్లు. జైలుకు భయపడేది లేదని పాడే హక్కు వాళ్లకెక్కడిది? పాడేసి ఇంటికెళ్లి పడుకునేవాళ్లకు అది ఉచితంగా దొరికిన ధైర్యమే కదా? ఈ మాటలో నిజముంది, ఆ రికార్డు వింటుంటే కొన్నిచోట్ల ఆ ఇబ్బంది తగులుతుంది కూడా. కానీ కచేరీని అక్కడితో తెగిపోయిన ఘట్టంగా చూడకూడదు. 1962లో విద్యార్థి ఉద్యమం తరఫున ఫ్రీడమ్ సింగర్స్ బృందం ఏర్పడడం వెనక సీగర్ ప్రోత్సాహం ఉంది. వాళ్ల పర్యటనలు కుదిర్చింది తోషీ. ఉద్యమానికి డబ్బు, మద్దతు తెచ్చిన పర్యటనలవి. తన కోసం తయారైన శ్రోతల దగ్గరికి పాట అసలు హక్కుదారులను నడిపించిన గాయకుడిని, వాళ్ల పాటను సొమ్ము చేసుకున్నవాడితో ఒకే గాటన కట్టలేం. ‘వి షల్ ఓవర్‌కమ్’ చార్లెస్టన్ పొగాకు కార్మికుల సమ్మె నుంచి టెనెసీలోని హైలాండర్ బడి మీదుగా ఆయనకు చేరింది. దాని మీద వచ్చిన రాయల్టీ హైలాండర్ నిధికే వెళ్లేది.

అన్ని చోట్లా లెక్క ఇంత సరిగ్గా లేదు. ‘విమొవే’ విషయం చూడండి. దక్షిణాఫ్రికా గాయకుడు సోలొమన్ లిండా 1939లో రికార్డు చేసిన ‘ఎంబూబే’ను సీగర్ రికార్డు విని నేర్చుకున్నారు. అందులోని మాట చెవికి సరిగా అందక విమొవే అయింది. వీవర్స్‌కు అది పెద్ద పేరు తెచ్చింది, ఎందరికో డబ్బు తెచ్చింది. లిండా మాత్రం 1962లో పేదరికంలోనే చనిపోయారు. పాట అందరిదీ అన్న ఆదర్శం, పాట కట్టినవాడికి కూలి ఎగ్గొట్టే వ్యాపారానికి ఎంత సులువుగా ముసుగైందో ఈ ఒక్క ఉదాహరణ చాలు. సీగర్ లిండాకు డబ్బు పంపించారు, పాటకు తగిన వాటా అతనికి అందడం లేదని ఆలస్యంగా తెలిసి బాధపడ్డారు. బాధపడడం లెక్క తీర్చదు.

మరొక వాదన కూడా ఉంది. ఆయన పాటలను లోకానికి చేర్చింది ఇతరుల స్టూడియో రికార్డులే అని. ‘ఇఫ్ ఐ హాడ్ ఎ హామర్’ను 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ, ‘టర్న్ టర్న్ టర్న్’ను 1965లో బర్డ్స్ బృందం ఇంటింటికీ చేర్చిన మాట వాస్తవం. అది పాటల చరిత్ర. గాయకుడి చరిత్ర వేరు. టెలివిజన్ ఆయన్ను మళ్లీ పిలిచిన 1967లో కూడా, వియత్నాం యుద్ధాన్ని దెప్పే పాటను సీబీఎస్ కత్తిరించి పారేసింది. నెలల తర్వాత, 1968 ఫిబ్రవరిలోగానీ అది ప్రసారం కాలేదు. హాల్లో కూర్చున్న జనాన్ని మాత్రం ఎవరూ కత్తిరించలేకపోయారు. 2009 జనవరిలో, ఒబామా ప్రమాణస్వీకారానికి రెండు రోజుల ముందు లింకన్ స్మారకం మెట్ల మీద బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పక్కన నిలబడినప్పుడు సీగర్‌కు 89 ఏళ్లు. గొంతు దాదాపు లేదు. అక్కడ కూడా ఆయన చేసింది పంక్తి ముందుగా చెప్పి అందించడమే. లక్షల మంది పాడారు.

2014 జనవరి 27న, 94 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. సీగర్‌ను కొత్తగా వినదలచినవారు హిట్ పాటల సంకలనాల జోలికి ముందుగా పోవద్దని నా సలహా. శాండర్స్ థియేటర్ రికార్డుతో మొదలుపెట్టండి, తర్వాత 1963 కార్నెగీ కచేరీ, పూర్తిది, వినండి. 1950 నాటి ‘గుడ్‌నైట్ ఐరీన్’ ఆఖరున వినొచ్చు.