పత్తి నేల మీద ప్లేటు పాట

నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు చుట్టుపట్ల పాత రేడియోగ్రామ్ వెనక అట్ట విప్పితే ముందు చేతికి తగిలేది దూది పీచే. జిన్నింగు మిల్లుల గాలికి తేలి వచ్చిన నూగు ట్రాన్స్‌ఫార్మరు మీద పేరుకుని, వాల్వుల వేడికి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. గుంటూరు మిర్చియార్డు దారిలోని సెట్లయితే కుంచె ఆడించగానే తుమ్ములు మొదలు. అందుకే ఇక్కడ పాత సెట్టు బాగుచెయ్యబోయే మెకానిక్కుకు సోల్డరింగ్ ఐరన్ కన్నా ముందు మెత్తని కుంచె, ముక్కుకు గుడ్డ కావాలి.

ఈ పెట్టెల మీద ఈ ప్రాంతానికి మమకారం ఉందంటే ఉండదా మరి! ప్లేట్లకెక్కిన తెలుగు గొంతుల్లో పేరుమోసినవి కొన్ని ఇక్కడివే. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో ఆడవేషం కట్టి మెప్పించారు. ఆయన సత్యభామ పాట గ్రామఫోను మీద కూడా మోగింది. మాధవపెద్ది సత్యంది పొన్నూరు పక్క బ్రాహ్మణకోడూరు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు చెప్పిన జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో రికార్డయి ఊరూరా తిరిగింది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం ఎల్పీల్లో నిలిచింది.

నాటకంలో పద్యం ఎంతసేపు సాగాలో జనమే తేల్చేవారు. వన్స్‌మోర్ అన్నారంటే మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. పది అంగుళాల 78 ప్లేటు మీద మాత్రం ఒక పక్కకు దొరికేది సుమారు మూడు నిమిషాలు. రాగాలాపన తెగ్గోసి, ఆ కాస్తలో గాయకుడు ఇమిడ్చిన పద్యంలో సగం మాటలు గరగరలో కలిసిపోతే ఇక మిగిలేదేముంది? బాగుచేసేవాళ్ళ తాపత్రయమంతా ఆ మూడు నిమిషాల కోసమే.

చెడేది ఎక్కువగా సూది దగ్గరే. లక్కలో రాతిపొడి కలిపి అచ్చుపోసిన 78 ప్లేటు ఉక్కు సూదిని ఇట్టే అరగదీస్తుంది. పక్కకో సూది మార్చాలని అందుకే చెప్పేవారు. సూదుల దగ్గర పొదుపు చేసిన ఇళ్ళ ప్లేట్లు నలుపు పోయి బూడిదరంగుకు తిరిగి కనిపిస్తాయి. తర్వాత వచ్చిన కరెంటు ప్లేయర్ల పికప్పుల్లో చాలావాటికి రెండు సూదులుండేవి, చిన్న మీట తిప్పితే ఒకటి 78కి, ఇంకొకటి ఎల్పీకి. ఈ తేడా ఇప్పటివాళ్ళకు తెలియక చాలా నష్టం జరుగుతోంది. 78 గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతల వెడల్పు. దాని మీద ఎల్పీ సూది పెడితే గాడి అడుగున దుమ్ములో పొర్లి, పాటను వెనక్కి నెట్టి చరచరను ముందుకు తెస్తుంది. ఎల్పీ మీద 78 సూది పెడితే ఏకంగా ప్లేటే పోతుంది.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక రేడియోల పని పెరిగింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు, ఆపైన పత్తి కలిసొచ్చిన ఇళ్ళలోకి రికార్డు ప్లేయర్లు వచ్చాయి. ప్లేయరు కొనలేని వాళ్ళకు మైకు సెట్టు ఉండనే ఉంది. పెళ్ళి పందిట్లో, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల దగ్గర, తెల్లవారుజామున గుడి మీది గొట్టం స్పీకర్లో ఘంటసాల భగవద్గీత వినని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. వాటి వెనక నిలబడింది ఎక్కువగా అహూజా యాంప్లిఫయరే.

అటక మీంచి దించిన వాల్వు సెట్టుకు వెంటనే ప్లగ్గు పెట్టకూడదు. ముందు వెనక ఉన్న వోల్టేజీ టాపింగు చూడాలి. పొలాల్లో పంపుసెట్లన్నీ ఒక్కసారి ఆడితే కరెంటు పడిపోయే రోజుల్లో, మెకానిక్కులు దాన్ని 200 దగ్గర బిగించి ఉండొచ్చు. ఇప్పుడు దానికి 240 ఇస్తే ట్రాన్స్‌ఫార్మరు కాగిపోతుంది. టాపింగు సరిచేశాక సెట్టుకు వరసలో ఒక పాతరకం ఫిలమెంటు బల్బు తగిలించి అప్పుడు స్విచ్చి వెయ్యాలి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే ఫరవాలేదు. భగ్గున వెలిగి అలాగే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టే.

ఆ తర్వాత కండెన్సర్లు. అవుట్‌పుట్ వాల్వుకు ముందుండే కాగితపు కండెన్సరు ముసలిదైతే డీసీని కారుస్తుంది. వాల్వు లోపలి రేకు ఎర్రగా కాలుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా మాడిపోతుంది. కొద్ది రూపాయల కండెన్సరు ముందే మార్చి ఉంటే నిలిచేది, దొరకని ట్రాన్స్‌ఫార్మరు. ఈ ఓపిక లేక లోపలున్నదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు బిగించి, పాతకాలపు రేడియో అని అమ్మేవాళ్ళున్నారు. దాన్ని బాగుచెయ్యడం అనరు. చెక్కపెట్టె ఒక్కటే బతికింది, సెట్టు పోయింది.

విడిభాగాలకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ, మద్రాసు రిచీ స్ట్రీట్ ఉన్నాయి. పాత ప్లేట్లు, పాత సరుకు దొరికే మద్రాసు మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. అది పెద్ద దెబ్బ.

ఈమధ్య ఇంకో రకం సెట్లు కనిపిస్తున్నాయి, అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ కొని తెచ్చిన టర్న్‌టేబుళ్ళు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెడితే 110 వోల్టులు వస్తాయి గానీ, అక్కడి 60 సైకిళ్ళు రావు. ఏసీ మోటారుతో తిరిగే పాత రకాలు మన 50 సైకిళ్ళకు ఆరో వంతు నెమ్మదిస్తాయి. ముప్పయిమూడు చుట్లు తిరగాల్సింది ఇరవై ఎనిమిది కూడా తిరగదు, శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది. చినమౌలానా నాదస్వరం పెడితే ఆ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది. కొత్త మోటారు కోసం వెతకనక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద చెయ్యి తిరిగినవాడు మోటారు పుల్లీని ఐదో వంతు లావుగా తిప్పి ఇస్తే చాలు. సరిపోయిందో లేదో చూడడానికి 180 గీతలున్న స్ట్రోబు కాగితాన్ని ప్లేటు మీద పెట్టి, పాతరకం ట్యూబులైటు వెలుగులో తిప్పాలి. గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తే వేగం సరిపోయినట్టు. వెనక్కి పాకుతుంటే పుల్లీ ఇంకా సన్నంగా ఉన్నట్టు.