మాండొలిన్ గోష్ఠులు

మాండొలిన్ అనగానే తెలుగువారికి పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ స్ఫురణకు వచ్చుట సహజము. ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి వాద్యమును చేతబట్టి, తాము ఆ వాద్యమును వాయింప నెరుగని రుద్రరాజు సుబ్బరాజుగారు నోట పాడి వినిపింపగా దానినే తంత్రులపై పలికించుచు విద్య గడించి, 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలి కచేరీ చేసిన ఆ బాలుని మూలముననే ఈ పరదేశ వాద్యము కర్ణాటక సంగీత వేదికపై స్థిరాసనము సంపాదించుకొన్నది. అయితే ఆయన చేసిన మార్పు నొకదానిని ఇచ్చట గమనింపవలెను. ఇటలీ మాండొలిన్‌కు జంటజంటగా నాలుగు వరుసలలో ఎనిమిది తంత్రులుండును. శ్రీనివాస్ ఆ జంటలను వదలి, విద్యుద్వాద్యముపై ఐదు ఒంటి తంత్రులను బిగించుకొనెను. గమకము పలుకవలెనన్న తంతిని మెట్టుపై ప్రక్కకు లాగవలెను గదా. రెండింటిని ఒక్కసారి లాగి ఒకే శ్రుతిలో నిలుపుట మిక్కిలి కష్టము. ఒంటరిగా కూర్చుండి రాగము నాలపించు విద్వాంసునకు అడ్డుపడిన ఆ జంట తంత్రులే, అంతకు నూరేండ్ల ముందు, సంగీతము వృత్తిగా లేని వేలకొలది జనులను ఒక్కచోట చేర్చి వాయింపజేసినవి. ఈ వాద్యమును బ్రతికించినది విద్వాంసులకంటె ఆ సామాన్యులే యని నా అభిప్రాయము.

లోతైన గుండ్రని బుర్రయు, వయొలిన్‌ను పోలిన శ్రుతియు గల ఈ వాద్యము పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున నేపుల్సు నగరమున వినాచియా కుటుంబీకుల పనితనమువలన రూపు దిద్దుకొన్నది. మోజార్టు 1787 నాటి డాన్ జొవాన్నీ గేయనాటకమున ఒక పాటకు దీనిని తోడు చేసెను. బీథోవెన్ 1796లో ప్రాగ్ నగరమున ఒక ప్రభుకుటుంబపు యువతికొరకు దీనికి నాలుగు చిన్న రచనలు కూర్చెను. ఆ వెనుక పియానో నాదము పెద్ద శాలలను నింపుచుండగా, ఇది పెద్దల సభలనుండి మెల్లగా తప్పుకొన్నది.

మరల వచ్చిన తీరు వింతగా నుండును. 1878లో పారిస్ నగరపు వసంతోత్సవమున, నల్లని అంగవస్త్రములు ధరించిన స్పెయిన్ దేశపు విద్యార్థుల వేషమున ఒక వాద్యబృందము వీథులలో వాయించి ఊరినెల్ల ముగ్ధము గావింపగా, అట్టిదే మరియొక బృందము 1880లో న్యూయార్కు చేరి అమెరికా అంతట తిరుగాడెను. వారి చేతులలోనివి బందూరియాలను స్పెయిన్ వాద్యములు, మాండొలిన్‌లు కావు. అయినను, కార్లో కుర్తి యను ఇటలీ వాద్యకారుడు తన దేశమువారిని కొందరను చేరదీసి, అదే వేషము తొడిగి, వారి చేతులకు మాండొలిన్‌ల నిచ్చి వేదిక నెక్కించెను. ప్రేక్షకులకు భేదము తెలియలేదు. తెలిసినను పట్టించుకొని యుండరు. అదే కాలమున ఇటలీలో మార్గరీటా రాణి స్వయముగా మాండొలిన్ వాయించుచుండుటచే, ఫ్లోరెన్సు నగరమున ఆమె పేరనే ఒక మాండొలిన్ మండలి వెలసినది. రాణి పట్టిన వాద్యమును తమ కూతురు పట్టిన తప్పేమని మర్యాదగల కుటుంబములవారును తలచిరి.

ఇక నేర్చుకొనుటలోని సౌలభ్యమును గూర్చి కొంత చెప్పవలెను. వయొలిన్‌పై స్వరస్థానము చెవికే తెలియవలెను గాని, మాండొలిన్‌కు మెట్లుండుటచే, వ్రేలు ఇంచుమించు తగినచోట పడిన చాలును, స్వరము తప్పదు. కష్టమంతయు కుడిచేతిదే. మీటిన ధ్వని క్షణములో అణగిపోవును గనుక, దీర్ఘస్వరము నిలుపవలెనన్న మణికట్టును వదులు చేసి, (ఆనాడు తాబేటి చిప్పతో చేయుచుండిన) చిన్న బిళ్లతో జంట తంత్రులను క్రిందికిని మీదికిని ఎడతెగక మీటుచుండవలెను. క్రొత్తవాడు ఒంటరిగా ఈ పని చేయునెడ రేకుకప్పుపై వడగండ్లు పడినట్లుండును. అట్టివారే ఇరువదిమంది కలిసి చేసినచో, ఒకని మీటునకు మీటునకు నడుమనున్న ఖాళీని మరియొకని మీటు పూరింపగా, ఎవనికిని చేతగాని నాదధార అందరినుండియు వెడలును! నేర్పరులకు మొదటి మాండొలిన్, అంతగా సాగనివారికి మెడ చివరి మెట్లు దాటనక్కరలేని రెండవ మాండొలిన్, మంద్రస్థాయికి మాండొలా, మాండొచెల్లో, లయకు గిటారు అని పని పంచిరి. శ్రుతి చేయుట యొక్కటే గండము. పదిమంది కూడిన ఎనుబది తంత్రులు గదా.

ఈ సదుపాయమును అమెరికా వర్తకులు చక్కగా గ్రహించిరి. మిషిగన్ రాష్ట్రపు కలమజూ పట్టణమున ఆర్విల్ గిబ్సన్ వయొలిన్ రీతిని చెక్కడపు పలకతో మాండొలిన్‌ను నిర్మించి 1898లో పేటెంటు పొందగా, అతని పేర 1902లో వెలసిన కంపెనీ ఊరూర సంగీతోపాధ్యాయులనే తన ఏజెంట్లుగా చేసికొన్నది. ఉపాధ్యాయుడు శిష్యునకు వాయిదాలపై వాద్యము నమ్మును. శిష్యుడు ఆయన బృందమున చేరును. బృందము పెరిగినకొలది మాండొచెల్లో కావలసి వచ్చును. దానినిగూడ ఆయనయే అమ్మును. ఇది కేవల వ్యాపారమని చప్పరించువారు లేకపోలేదు గాని, సాయంకాలపు సాధన కూటములు నిజముగా సాగినవి, పాటలు నిజముగా పలికినవి. ఏ సంగీతాలయమునను ప్రవేశము దొరకని గుమాస్తాలును, కార్మికులును, గృహిణులును వాటిలో నుండిరి.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము జాజ్ నృత్యశాలల రొదలో బాంజోకు గిరాకి పెరిగెను. గ్రామఫోనును, రేడియోను ఇంట వినుటకు చాలును గాన ఇంట వాయించు నవసరము తగ్గెను. గిబ్సన్ కంపెనీ అత్యుత్తమ వాద్యము, లాయిడ్ లోర్ తీర్చిన ఎఫ్-5, 1922లో, అనగా కొనువారు మాయమగుచున్న తరుణమున వెలువడుట దైవవైపరీత్యము. 1923లో తయారైన అట్టిదొకటి 1940లలో ఫ్లోరిడాలోని ఒక మంగలి దుకాణమున బిల్ మన్రో యను వాద్యకారుని కంటబడి, బ్లూగ్రాస్ అను అమెరికా గ్రామీణ సంగీతమునకు ప్రాణమైనది.

గోష్ఠి సంప్రదాయము మాత్రము సముద్రము దాటి జపానున వేరూనినది. ఆధునిక జపాను కవితకు మార్గదర్శకుడైన హగివారా సకుతారో స్వస్థలమగు మయెబాషిలో మాండొలిన్ బృందమును నడపెను. నేపుల్సు విద్వాంసుడు రఫాయెలె కలాచె 1924లో అచ్చటికి పోయి యువరాజు ఎదుట వాయించెను. ప్రజల నోళ్లలో నానిన పాటలెన్నింటికో స్వరములు కూర్చిన కోగా మసావో, 1923లో మేజీ విశ్వవిద్యాలయమున మాండొలిన్ క్లబ్బు నెలకొల్పిన విద్యార్థులలో ఒకడు. కేయో విశ్వవిద్యాలయపు క్లబ్బు అంతకంటె ముందే, 1910లో పుట్టినది. ఆ రెండును నేటికిని నడచుచున్నవి. జపాను విశ్వవిద్యాలయములలోని ఇట్టి క్లబ్బులలో ఏటేట చేరు క్రొత్తవారు పలువురు అంతకుముందు మాండొలిన్‌ను చేత పట్టియైన ఎరుగనివారే.