అరిగిన టైరుకు ఆయుష్షు

గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు దృఢంగా మారుతుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. ఈ వల్కనైజేషనే లేకపోతే 1888లో డన్‌లప్ గాలి టైరు రూపుదిద్దుకునేది కాదు. కానీ గంధకం వేసిన ముడి ఒక పట్టాన వీడదు. అరిగిన టైరును ఇనుములా కరిగించి మళ్లీ పోతపోయడం కుదరదు. పాత టైర్ల పునర్వినియోగ చరిత్రంతా ఈ చిక్కు చుట్టూనే నడిచింది.

రబ్బరు ప్రియంగా ఉన్నన్నాళ్లూ పాతదానికీ గిరాకీ ఉండేది. పాత రబ్బరును క్షార ద్రావణంలో ఉడికించి మళ్లీ వాడుకునే పద్ధతికి 1899లో ఆర్థర్ మార్క్స్ పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేజిక్కాయి. దాంతో పాత రబ్బరు తెచ్చివ్వమని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో ప్రజలను కోరాడు. పౌనుకు ఒక సెంటు చొప్పున పెట్రోలు బంకులు కొన్నాయి. కొద్ది వారాల్లోనే నాలుగు లక్షల టన్నులకు పైగా పోగయింది.

యుద్ధం తర్వాత కృత్రిమ రబ్బరు చవకగా దొరకడంతో పాత టైర్లను పట్టించుకునేవారు కరవయ్యారు. ఉక్కు తీగల రేడియల్ టైర్లు రావడంతో ముక్కలు చేయడమూ కష్టమైంది. 1972లో ఫ్లోరిడా తీరంలో చేపలకు ఆవాసమవుతాయంటూ లక్షలాది టైర్లను సముద్రంలో పడేశారు. కట్టిన బంధనాలు తెగిపోయి, కొట్టుకొచ్చిన టైర్లు అసలు పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. 1990 ఫిబ్రవరిలో కెనడాలోని హేగర్స్‌విల్‌లో టైర్ల గుట్ట అంటుకుని రెండు వారాలకు పైగా కాలింది.

ఇలాంటి అనుభవాల తర్వాతే చట్టాలు బిగిశాయి. ఐరోపా సమాఖ్య 2003 నుంచి పూర్తి టైర్లను, 2006 నుంచి వాటి ముక్కలను కూడా చెత్త గుంతల్లో పూడ్చడాన్ని నిషేధించింది. పూడ్చే దారి మూసుకుపోవడంతో టైర్లను తురిమే పరిశ్రమకు పని పెరిగింది.

ఈ కర్మాగారాల్లో ముందుగా టైరు అంచులోని లావు తీగను లాగేస్తారు. ష్రెడర్ టైరును ముక్కలు చేస్తుంది. మరో యంత్రం వాటిని ఇంకా సన్నగా తురుముతుంది. అయస్కాంతం ఉక్కును, గాలి దారపు పోగులను వేరుచేస్తాయి. మిగిలేది క్రంబ్ రబ్బరు. దీన్ని తారులో కలిపి రోడ్డు వేయవచ్చని 1960లలోనే ఫీనిక్స్ నగర ఇంజనీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్ చూపించాడు. ఇప్పుడు భారతదేశంలోనూ ఇలాంటి తారు వాడుకలో ఉంది.

మన పల్లెలకు పునర్వినియోగం కొత్త కాదు. పాత టైర్లు ఎడ్లబండ్లకు చక్రాలయ్యాయి, కష్టజీవులకు చెప్పులయ్యాయి. అయితే నేటి రాశికి ఆ వాడకం చాలదు. అందుకే 2022 జులైలో కేంద్రం నిబంధనలు సవరించి, పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీ, దిగుమతి సంస్థలపై పెట్టింది. 35 శాతంతో మొదలైన లక్ష్యాన్ని 2024-25కు నూరు శాతానికి పెంచింది. వేడిచేసి నూనె తీయడం కోసం పాత టైర్లను దిగుమతి చేసుకోవడాన్ని నిషేధించింది.

చట్టం ఎంత చేసినా, టైరు ముందు తురిమే యంత్రం దాకా చేరాలి. భోగిమంటల్లో వేస్తే అందులోని గంధకమే విషవాయువై పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఈ సంక్రాంతికి పాత టైర్లను మంటల్లో వేయకండి, పునర్వినియోగానికి పంపించండి.