శబ్దచౌర్యము – అర్థచౌర్యము

సాహిత్యచౌర్యమును గూర్చిన విచారణ భారతదేశమునకు కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరదేశీయుడైన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము నాలుగవ ఉద్ద్యోతములో కావ్యముల నడుమ కనిపించు పోలికలను మూడు విధములుగా విభజించినాడు. అద్దములోని ప్రతిబింబము వంటిది ఒకటి. చిత్తరువు వంటిది మరియొకటి. ఇద్దరు మనుష్యుల రూపసామ్యము వంటిది మూడవది. మొదటి రెండును త్యాజ్యములనియు, మూడవదానికి తనదైన జీవము కలదు గనుక దానిని విడువ నక్కరలేదనియు ఆయన తీర్పు.

ఆ తరువాత రాజశేఖరుడు కావ్యమీమాంసలో మూడు అధ్యాయములను ఈ విషయమునకే వినియోగించినాడు. పదము మొదలు ప్రబంధము వరకు శబ్దహరణమును ఐదు తెరగులుగా లెక్కించుటకు ఒక అధ్యాయము చాలినది. అర్థహరణమునకు మాత్రము రెండు కావలసి వచ్చినవి.

నేడు విశ్వవిద్యాలయములలో ఈ పరీక్షకు సాఫ్ట్‌వేర్ వచ్చినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో నిబంధనలు చేసినది. 2019లో ‘శోధశుద్ధి’ పథకము క్రింద ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ ఆ సాధనమును విశ్వవిద్యాలయములకు సమకూర్చ నారంభించినది. సిద్ధాంతవ్యాసములో పోలిక 10 శాతము లోపలనున్న దండన లేదు. 40 వరకు ఉన్నచో ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పింపవలెను. 60 వరకు ఉన్నచో ఏడాదిపాటు సమర్పణకు నిషేధము. అది దాటినచో పరిశోధకుని నమోదే రద్దగును.

ఇంతటి దండన ఆధారపడిన ఆ అంకె దేనిని కొలుచుచున్నది? తన భాండారములోని పాఠములతో మాటల పోలికను మాత్రమే. అచ్చుపుటలలోనే నిలిచి ఆ భాండారమునకు చేరని తెలుగు వ్యాసమును ఎత్తి వ్రాసినవాడు దానికి చిక్కడు. ఆంగ్లవ్యాసమును చెప్పకుండ తెనిగించి తనదనువాడు మాటకు మాట పోల్చు పద్ధతికి దొరకడు. ప్రాచీనకావ్యమును పరిశీలించుచు పద్యములను నిజాయితీగా ఉదాహరించినవాని శాతము మాత్రము పెరుగవచ్చును. ఆధారము చూపిన ఉద్ధరణలను లెక్కనుండి తొలగింపవలెనని నిబంధన యున్నది. ఆ తొలగింపు సరిగా జరిగినదో లేదో చూడవలసినవాడు మనుష్యుడే.

శ్రీనాథుడు శ్రీహర్షుని నైషధమును తెనిగించి, మూలము నెన్నడును దాచలేదు. అందుచేతనే అది చౌర్యము కాక తెలుగుకావ్యమైనది. చౌర్యము పోలికలో లేదు, దాపరికములో ఉన్నది.

2018 నిబంధనలు సైతము నేరనిర్ణయమును సాఫ్ట్‌వేర్‌కు ఒప్పగింపక విచారణసంఘములకు అప్పగించినవి. ఆ సంఘములలోని ఆచార్యులు అంకెను చూచి సంతకము చేసినచో శబ్దపరీక్ష మాత్రమే ముగిసినట్లు. మూలమును, వ్యాసమును పక్కపక్కన ఉంచుకొని చదివినప్పుడే అర్థపరీక్ష మొదలగును.