తెర వెనక చెవులు

రాత్రి తొమ్మిది దాటింది. నందికొట్కూరులో ఆత్మకూరు రోడ్డు పక్కన ఖాళీ జాగాలో, పరిచిన పట్ట మీద కూర్చున్నారు మీరు. పగలంతా కాగిన నేల ఇంకా వెచ్చగా తగులుతోంది. ఉగాది దగ్గరపడింది. శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులు మూటలు నెత్తిన పెట్టుకుని గుంపులుగా పోతున్నారు. తెర కనబడగానే కొందరు ఆగి, చెప్పులు విప్పి, మీ పక్కనే చతికిలబడ్డారు.

రెండు గుంజల నడుమ రెండు తెల్ల పంచెలు. వాటిని ఈతముళ్లతో గుచ్చి కలిపారు. తోలుబొమ్మలాట ఇంకా మొదలుకాలేదు. లేచి వెనక్కి రండి.

వెనక ముసలాయన పెట్టె ముందు కూర్చుని హనుమంతుణ్ణి బయటికి తీస్తున్నాడు. మేకతోలు. గోకి గోకి, వెలుగు దాటేంత పలచన చేసి, రంగులద్ది, నగలున్నచోటల్లా సన్నటి రంధ్రాలు కొట్టారు. చేతులు, మోకాళ్లు దారంతో కట్టారు. గుడ్డిబల్బు కింద ఆ రంగులు మసకగా, ఎండిన నెత్తురులా ఉన్నాయి.

"తాతా, ఈ తోలుతో ల్యాంపులు చేసి అమ్ముకుంటే జరుగుబాటవుతుంది కదా. ఈ వయసులో ఊరూరా ఎందుకు తిరగడం?"

"మా పిల్లోళ్లు అదే చేస్తాండారు నాయనా. తప్పేముంది? కూడు పెడతాంది. కానీ ల్యాంపులో హనుమంతుడు వెలుగుతాడు, దూకడు."

బొమ్మ మోకాలికి దారం బిగించి కట్టి మళ్లీ అన్నాడు: "చూసేటోళ్లుంటేనే దూకేది."

కాసేపాగి ఆయన చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. తన ఆటను తానెప్పుడూ చూడలేదట. తెర మీద మీకు కనబడే ఎరుపూ పచ్చా ఆయనకు కనబడవు. ఆయనకు కనబడేది పుల్లా, దారమూ, తోలూ. బొమ్మ బతికిందో లేదో చెవులతో తెలుసుకుంటాడు. తోక అంటుకున్నప్పుడు పిల్లల కేక, సీతమ్మ ఏడ్చినప్పుడు ఆడవాళ్ల నిశ్శబ్దం.

"ఆ సద్దు కోసరమే నాయనా వచ్చేది."

మీ చోటికి మీరు పోండి. మద్దెల మోగింది. ముందు వినాయకుడు తెరకెక్కాడు. తర్వాత నవ్వించే బొమ్మలు కేతిగాడూ బంగారక్కా తిట్టుకుంటుంటే మీ పక్కనున్న కన్నడావిడ, మాట అర్థమయ్యీ కాకనే, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇంతలో తెర కిందినుంచి ధనధన చప్పుడు. వెనక ఆటగాళ్లు కాళ్లతో చెక్కల్ని తొక్కుతున్నారు. ఇందాక మసకబారి కనబడిన ఆ తోలే ఇప్పుడు నిప్పులా మండుతూ తెరకు అడ్డంగా ఎగిరింది. పిల్లలు అరిచారు. ఆ అరుపు తెర దాటి ఆయనకు చేరింది. వెంటనే రాగం పైకి లేచింది.

ఈ దారికి ఈ ఆట కొత్తది కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి జాతరను వర్ణిస్తూ, గుడ్డ మరుగున తోలుబొమ్మలతో భారత కథలాడించేవాళ్లను చెప్పాడు. వానలు పడకపోతే విరాటపర్వం ఆడించుకునే ఆచారం పల్లెల్లో ఉండేది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ గౌరవాలు రావలసినవే, ఆలస్యంగా వచ్చాయి. కానీ పతకం చప్పుడు చేయదు. ఈ ముసలాయన అడిగేది చప్పుడు. జనం ఎదుట తన పనిని పెట్టే ప్రతి కళాకారుడికీ కావలసింది ఇదేనని నాకనిపిస్తుంది. కాకపోతే మిగతావాళ్లు ఎదురుగా నిలబడి మన ముఖాలు చూడగలరు. ఈయన ఆ పాటికీ నోచుకోలేదు.

లంక కాలింది. కోడి కూసే వేళకు బల్బు ఆర్పారు. జనం పట్టలు దులుపుకుంటున్నారు. కన్నడ భక్తులు మూటలెత్తుకుని ఆత్మకూరు వైపు కదిలారు.

ఎప్పుడైనా ఈ ఆట చూస్తే అట్లాగే లేచి వెళ్లిపోకండి. తెర వెనక్కి వెళ్లి, మీకేం కనబడిందో ఆయనకు చెప్పండి.