ఉత్తరాల సంచితో ఆకాశయానం

భిలాయికి ఉత్తరాన, ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి అందించే నందిని గనుల చేరువలో, చిన్న విమానాశ్రయం ఒకటి ఉన్నది. లోహం ఎంత బరువు మోయగలదో పరీక్షించనిదే గడప దాటనివ్వని ఊరు ఇది. ఇచ్చట కూర్చుండి తొలినాటి విమానాల చరిత్ర చదువుతూ ఉంటే, ఆ వైమానికులు దేనిని నమ్ముకొని పైకి లేచారా అన్న ప్రశ్న మనస్సును వదలదు.

1911 ఫిబ్రవరి 18న ప్రయాగలో ఆన్రీ పెకే అనే ఇరువది మూడేండ్ల ఫ్రెంచి యువకుడు, కొయ్యతో, గుడ్డతో, తీగలతో అల్లిన విమానంలో యమున దాటి నైనీలో దిగాడు. దూరం సుమారు ఆరు మైళ్లు. పట్టిన కాలం పదమూడు నిమిషాలు. వెంట 6,500 ఉత్తరాలు. అధికారికంగా విమానం మోసిన తొలి తపాలాగా లోకం దానిని గుర్తించింది. అయినా అది ప్రదర్శనకు వచ్చిన జనం కోసం జరిపిన వేడుక. నైనీలో దిగిన ఉత్తరాలు అటుపిమ్మట ఎప్పటివలెనే రైలెక్కాయి!

వేడుకలోని సాహసం వేరు. వారం వారం వేళకు చేరవలసిన సాహసం వేరు. ఈ రెండవదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చాడు. దారిలో ఆయన విమానానికి కావలసిన పెట్రోలు ఎద్దుబండి మీద వచ్చింది. బొంబాయి నుండి ఆ సంచులను అందుకొని, తెలుగు వినిపించే బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చినవాడు నెవిల్ విన్సెంట్. వారికి దారి చూపే రేడియో లేదు. జుహూలోని మైదానం వానకాలంలో నీట మునిగేది. అందుచేత ఆ నెలలలో విమానాలను పూనాకు తరలించేవారు.

వారు నడిపిన విమానం పేరు పుస్ మాత్. ఒకే ఇంజను, దేహానికి ఉక్కు గొట్టాలు, రెక్కలకు కొయ్య. ఈ జాతి విమానాలు కొన్ని ఆకాశంలోనే రెక్కలు విరిగి కూలిపోయాయి. 1931 మేలో దక్షిణాఫ్రికా కొండలలో గ్లెన్ కిడ్‌స్టన్ ఆ విధంగానే మరణించాడు. కల్లోలమైన గాలిలో రెక్కలు అదరి, ఆ అదురు క్షణక్షణానికీ పెరిగి అవి విరుగుతున్నవని ఇంజనీర్లు తేల్చేలోపల మరికొన్ని ప్రాణాలు పోయాయి. కరాచీ, బొంబాయి, మద్రాసుల నడుమ తపాలా మోసినది ఈ విమానమే. దేశాలు దాటి పేరు గడించిన వైమానికుడు బెర్ట్ హింక్లర్ ఇటలీ కొండలలో పుస్ మాత్‌తోనే కూలిపోయినది 1933 జనవరి 7న. అనగా మన తపాలా మొదలై మూడు నెలలైనా నిండకముందే. ఆ వార్త ఇచ్చటి వైమానికుల చెవిన పడకుండా ఉండదు. అయినా సంచులు వేళకే చేరుతూ వచ్చాయి.

టాటా 1982లో, డెబ్బది ఎనిమిదేండ్ల వయస్సులో, కరాచీ నుండి బొంబాయికి ఆ ప్రయాణాన్ని చిన్న విమానంలో మళ్లీ చేశాడు. విన్సెంట్‌కు అంతటి ఆయువు లేకపోయింది. 1942 జనవరిలో, యుద్ధం నడుమ, ఆయన ఎక్కిన విమానం ఫ్రాన్సు తీరం దగ్గర కూలిపోయింది.