సర్వర్ గదిలో స్వావలంబన: ఐబీఎం నిష్క్రమణ నుంచి క్లౌడ్ దాకా

స్వావలంబన అనగానే మనం ఉక్కు, ఎరువులు, ఆయుధాలు, ఇటీవలైతే సెమీకండక్టర్ల గురించి రాస్తాం. సర్వర్ల గురించి రాసేవారు తక్కువ. కానీ బ్యాంకు లావాదేవీ, రైలు టికెట్, ఆధార్ ధ్రువీకరణ, షేర్ల క్రయవిక్రయాలు ఇవన్నీ ఎక్కడో ఒక సర్వర్ నడుస్తుంటేనే జరుగుతాయి. ఆ సర్వర్‌ను నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి అనుమతి ఉంటే అది ఓపెన్ సోర్స్. వ్యాపార సంస్థలు దాన్ని ఎందుకు ఎంచుకున్నాయని అడిగితే చాలామంది ‘ఖర్చు తగ్గుతుంది కాబట్టి’ అంటారు. చరిత్రను చూస్తే అంతకన్నా పెద్ద కారణం కనిపిస్తుంది. అది, నచ్చని సరఫరాదారును పని ఆగకుండా వదిలి వెళ్లగలిగే వీలు.

1978: యంత్రమూ అద్దెకే

1960, 70 దశకాల్లో భారతీయ కంప్యూటర్ రంగంలో ఐబీఎందే ఆధిపత్యం. విదేశాల్లో వాడిన యంత్రాలను బాగుచేసి ఇక్కడి సంస్థలకు అద్దెకు ఇచ్చేది. యంత్రం, సాఫ్ట్‌వేర్, మరమ్మతు అన్నీ ఒకే చేతిలో ఉండేవి. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) విదేశీ వాటాను సాధారణంగా 40 శాతానికి పరిమితం చేసింది. వాటా తగ్గించుకోవడానికి ఐబీఎం ఒప్పుకోలేదు. జనతా ప్రభుత్వ కాలంలో, 1978లో దేశం విడిచి వెళ్లింది.

మరి అప్పటికే నడుస్తున్న యంత్రాల మాటేమిటి? 1975లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ వాటి నిర్వహణ బాధ్యత చేపట్టింది. ఇదే సంస్థ 1980ల మధ్యలో రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణకు సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ అప్పటికే దేశీయంగా కంప్యూటర్లు రూపొందిస్తోంది. గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది: ఐబీఎంను బయటకు పంపింది చట్టమే అయినా, ఆ తర్వాత పని ఆగిపోకుండా చూసింది నైపుణ్యమున్న ఇంజినీర్లు.

యూనిక్స్ వేసిన బాట

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌ను 1973లో సి భాషలో తిరగరాశారు. దాంతో అది ఒక తయారీదారు యంత్రానికే కట్టుబడి ఉండాల్సిన అవసరం పోయింది. ఐబీఎం ఖాళీ చేసిన మార్కెట్‌లో ఎదిగిన హెచ్‌సీఎల్, విప్రో వంటి దేశీయ సంస్థలకు ఇది కలిసొచ్చింది. యూనిక్స్‌తో నడిచే యంత్రాలను తయారుచేశాయి. బ్యాంకుల కంప్యూటరీకరణలోనూ యూనిక్స్‌కు చోటు దక్కింది. మన ప్రోగ్రామర్లలో ఒక తరం ఆ వాతావరణంలోనే పని నేర్చుకుంది. అయితే యూనిక్స్‌కు లైసెన్సు రుసుము ఉండేది, కోడ్‌పై హక్కులు కంపెనీలవే.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేసి, మరుసటి ఏడాది దాన్ని జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చారు. మార్పులు చేసి పంపిణీ చేసేవారు ఆ మార్పుల కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాలన్నది ఈ లైసెన్సు నియమం. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకే ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు ఉండటం వల్ల అక్కడ పెద్ద గందరగోళమే నడిచింది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఓపెన్ సోర్స్‌కు మూలం స్వేచ్ఛ. ఉచితం దాని పర్యవసానం మాత్రమే.

వ్యాపార ప్రపంచం దీన్ని త్వరగానే పసిగట్టింది. 1993లో మొదలైన రెడ్‌హ్యాట్ కోడ్‌ను అందరికీ ఇస్తూనే మద్దతు సేవలకు రుసుము తీసుకునే పద్ధతిని నిలబెట్టింది. 2001లో లినక్స్‌పై 100 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ఐబీఎం ప్రకటించింది. ఒకప్పుడు మూసిన వ్యవస్థలకు మారుపేరైన సంస్థే 2019లో 3,400 కోట్ల డాలర్లతో రెడ్‌హ్యాట్‌ను కొనుగోలు చేసింది.

కొలంబో నుంచి లండన్‌కు

దక్షిణాసియా ఈ కథలో వినియోగదారు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2008 సెప్టెంబరు 8న లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ దాదాపు ఏడు గంటలు నిలిచిపోయింది. అప్పటి ట్రేడింగ్ వ్యవస్థ మైక్రోసాఫ్ట్ సాంకేతికతపై నడిచేది. ఆ అంతరాయానికి ఆపరేటింగ్ సిస్టమే కారణమని తేల్చి చెప్పలేం. మరుసటి ఏడాది ఆ ఎక్స్ఛేంజ్ శ్రీలంకకు చెందిన మిలీనియంఐటీ అనే సంస్థను కొనుగోలు చేసింది. 2011 ఫిబ్రవరిలో లండన్ ప్రధాన ఈక్విటీ మార్కెట్ శ్రీలంక ఇంజినీర్లు రూపొందించిన, లినక్స్‌పై నడిచే వ్యవస్థకు మారింది. కోడ్ అందరికీ అందుబాటులో ఉన్నచోట పెట్టుబడి తక్కువైన చిన్న దేశమూ ప్రపంచస్థాయి మౌలిక వ్యవస్థను నిర్మించగలదనడానికి ఇది మంచి ఉదాహరణ. పరీక్షలో అరుదుగా కనిపించేది కాబట్టి మీ నోట్సులో రాసుకోండి.

భారత ప్రభుత్వ విధానం

సీ-డాక్ 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. 2009లో ఏర్పడిన ఉడాయ్, ఆధార్ వ్యవస్థను సాధారణ సర్వర్లపై, ఎక్కువగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో, ఏ ఒక్క విక్రేతకూ కట్టుబడకుండా రూపొందించుకుంది. 2014లో ప్రభుత్వ క్లౌడ్ ‘మేఘరాజ్’ ప్రారంభమైంది. 2015 నాటి ఓపెన్ సోర్స్ విధానం ఇంకో అడుగు వేసింది: ప్రభుత్వ టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలి, దాన్ని పక్కన పెడితే కారణం చూపాలి. నిషేధం లేదు, నిర్బంధం లేదు. సంజాయిషీ చెప్పాల్సిన భారం మాత్రం మూసిన సాఫ్ట్‌వేర్ వైపు మారింది.

క్లౌడ్: పాత ప్రశ్న, కొత్త రూపం

2006లో అమెజాన్ ఈసీ2 సేవ మొదలైనప్పుడు అందులో నడిచింది లినక్సే. లైసెన్సు లెక్కల్లేకుండా నిమిషాల్లో వందల సర్వర్లను సృష్టించడం అలాగే సాధ్యమైంది. అమెజాన్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో డేటా కేంద్రాల సముదాయాలు ప్రారంభించింది. చిన్న అంకుర సంస్థ కూడా యంత్రం కొనకుండానే వ్యాపారం మొదలుపెట్టగలుగుతోంది.

కానీ ఇక్కడే మెలిక ఉంది. కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్. దానిమీద క్లౌడ్ సంస్థ అమర్చే డేటాబేస్, గుర్తింపు, ఈమెయిల్ సేవలు చాలావరకు ఆ సంస్థ సొంతం. యంత్రం మళ్లీ అద్దెకే వచ్చింది. రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది సెంటాస్. రెడ్‌హ్యాట్ కోడ్‌తో తయారై, ఎందరో సర్వర్లలో ఉచితంగా వాడిన ఈ లినక్స్ 8వ వెర్షన్‌కు 2029 దాకా మద్దతు ఉంటుందని అందరూ అనుకున్నారు. 2021 చివరితోనే ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. వాడుకదారులు ఇబ్బంది పడ్డారు. అయినా కోడ్ బహిరంగం కావడంతో 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ప్రత్యామ్నాయాలుగా వచ్చాయి.

రెండోది నయారా ఎనర్జీ. గుజరాత్‌లోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే ఈ భారతీయ సంస్థలో రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు వాటా ఉంది. ఐరోపా సమాఖ్య ఆంక్షల తర్వాత 2025 జులైలో మైక్రోసాఫ్ట్ దానికి సేవలు నిలిపివేసింది. సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్ది రోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. 1978లో ప్రభుత్వ నిబంధన వల్ల విదేశీ సంస్థ వెళ్లిపోయింది. 2025లో మరో ఖండపు నిబంధన వల్ల మన గడ్డపై ఉన్న సంస్థకు ఈమెయిల్ ఆగింది.

జవాబు ఎలా ముగించాలి?

‘ఓపెన్ సోర్స్ మంచిది, అందరూ వాడాలి’ అని ముగిస్తే మార్కులు రావు. దాని పరిమితినీ రాయాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో రహస్య ద్వారం చొప్పించినట్టు బయటపడింది. కోడ్ బహిరంగం కాబట్టే ఒక ఇంజినీరు దాన్ని పట్టుకోగలిగాడు. నిర్వహణ భారమంతా దాదాపు ఒక్క స్వచ్ఛంద కార్యకర్తపైనే ఉండటంతో అది చొరబడగలిగింది. అందరిదీ అయిన చెరువుకు పూడిక తీసేవారు లేకపోతే ఏమవుతుందో మన ఊళ్లకు తెలుసు. కోడ్ కూడా అంతే. వాడుకునే సంస్థలు, ప్రభుత్వాలు దాని నిర్వహణకు నిధులూ నిపుణులనూ ఇవ్వాలి. క్లౌడ్ ఒప్పందాల్లో డేటాను మరో చోటికి తరలించుకునే హక్కు స్పష్టంగా ఉండాలి. లైసెన్సు తలుపును తెరిచి ఉంచుతుంది. ఆ తలుపు గుండా నడిచి వెళ్లగల మనుషులను తయారుచేసుకోవడం మన పని. 1978లో మనల్ని కాపాడింది అదే.

సాధన ప్రశ్న: డిజిటల్ సార్వభౌమత్వానికి ఓపెన్ సోర్స్ అవసరమే గానీ సరిపోదు. భారత అనుభవం ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)